తరవాతేటయినాది?

1989లో డీఎస్సీ రాసి, శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గర ఒక పల్లె బడిలో టీచరుగా చేరాను. నేను ట్రంకుపెట్టెతో బస్సు దిగేసరికి ఆ చుట్టుపక్కల చింతచెట్ల మీద కొంగలు దిగుతున్నాయి. తేలినీలాపురం పేరు విన్నవాళ్లకి ఈ సంగతి తెలిసే ఉంటుంది. వానలు వెనకబట్టే వేళకి ఎర్రకాళ్ల కొంగలు, గూడబాతులు గుంపులుగా వచ్చి ఊరి మధ్య చెట్ల మీదే గూళ్లు కట్టుకుంటాయి. గుడ్లు పెట్టి, పిల్లల్ని సాకి, ఎండలు ముదిరేలోగా వెళ్లిపోతాయి. అవి వస్తేనే వానలూ పంటలూ బాగుంటాయని ఊరివాళ్ల నమ్మకం. వాటి మీద రాయి విసిరితే పెద్దవాళ్లు ఊరుకోరు.

నేను పిల్లల చేత రాయించిన మొదటి వ్యాసం ఆ కొంగల మీదే. అంతకుముందు ఆ బడిలో, ఆ మాటకొస్తే అన్ని బళ్లలోనూ, వ్యాసమంటే ఆవు. "ఆవు సాధుజంతువు. దానికి నాలుగు కాళ్లు, రెండు కొమ్ములు, ఒక తోక కలవు" అని నాలుగో తరగతి మొత్తం ఒకే గొంతుతో అప్పజెప్పేది. ఆ ఆవు మీద నాకు కోపమేమీ లేదు. ఆ పిల్లల్లో సగంమంది ఇళ్లల్లో ఆవులున్నాయి. ఏ ఆవు కొత్తవాళ్లని పొడుస్తుందో, ఏది దూడ కోసం పాలు ఎగచేపుతుందో, ఏది తాడు తెంపుకుని పక్కవాళ్ల చేలో పడుతుందో వాళ్లకి కంఠతా తెలుసు. అంత బాగా తెలిసిన ఆవు వాళ్ల వ్యాసంలో ఒక్క వాక్యంలోనూ కనపడేది కాదు. నా బాధంతా అదే.

అందుకని ఒకరోజు పిల్లల్ని చింతచెట్ల కిందకి తీసుకెళ్లాను. "పక్కవాడు చూడనిది ఏదైనా చూసి రండి" అన్నాను, అంతే. పలకలూ పుస్తకాలూ వద్దన్నాను. తిరిగొచ్చి కూర్చున్నాక ఒక్కొక్కరే చెబుతుంటే నల్లబల్ల మీద రాస్తూ పోయాను. "కొంగపిల్ల నోరు తెరిస్తే తల్లి గొంతులోంచి చేపలు కక్కి పెడతాది." "ముక్కులు కొట్టుకుంటే టకటక ఇనపడతాది." "మా నాయినమ్మ వాకిట్లో రెట్టలు రోజూ కడుగుతాది గానీ తిట్టదు." ఈ మూడోది చెప్పిన పిల్ల రెండో తరగతి. పెద్ద తరగతులతో పాటు కూర్చోబెట్టానని సిగ్గుపడుతూ, గోడకేసి చూస్తూ చెప్పింది. ఆ ఒక్క వాక్యంలో ఊరి నమ్మకం మొత్తం ఉంది. నేను వివరించబోతే పేరా పట్టేది.

తర్వాత ఆ వాక్యాల్ని ఒక్కోటీ ఒక్కో చీటీ మీద రాయించి నేల మీద పరిపించాను. ఏది ముందు, ఏది వెనక? అక్కడ మొదలైంది అసలు పాఠం. కొంగలు రాకముందే పిల్లలు ఎలా పుట్టాయని ఒకడు, రెట్టల సంగతి చివర్లో వస్తే బావుండదని ఇంకొకడు. నాయినమ్మ వాక్యంతోనే మొదలెట్టాలని ఐదో తరగతి పిల్ల పట్టుబట్టింది. "అదెందుకే?" అంటే, "అలాగైతే తిట్టదా, ఎందుకు తిట్టదు అని అడుగుతారు గదండీ" అంది. వ్యాసానికి ఎత్తుగడ అంటే ఏమిటో టీచర్ ట్రైనింగులో నాకెవరూ ఇంత తేలిగ్గా చెప్పలేదు.

అప్పట్లో బ్రిటన్ ప్రభుత్వ సాయంతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం నడిచేది. మేం ఆపెప్ అనేవాళ్లం. ఆ శిక్షణకి వెళ్లినవాళ్లకి ఆరు సూత్రాలు ఇప్పటికీ గుర్తుంటాయి. పిల్లలు చేస్తూ నేర్చుకోవాలి, ఒంటరిగానూ జట్లుగానూ పనిచెయ్యాలి, ఊరి పరిసరాల్నే పాఠానికి వాడుకోవాలి, పిల్లలు చేసినదాన్ని గదిలో ప్రదర్శించాలి, ఇలా. ఆ పథకం మీద ఎవరేమన్నా, గది ఈ గోడ నుంచి ఆ గోడకి పురికొస కట్టి పిల్లల రాతలు వేలాడదియ్యమన్నందుకు నేను రుణపడి ఉన్నాను. ఆ తాడు వచ్చాక పిల్లల తీరే మారింది. నోటుబుక్కులో రాస్తే టీచరొక్కతే చదువుతుంది. తాడుకి వేస్తే నీళ్లు తాగడానికి వచ్చినవాడూ చదువుతాడు, బియ్యం తూచడానికి వచ్చినాయనా చదువుతాడు. చదివేవాడున్నాడని తెలిస్తే రాసేవాడికి చేతిలో జోరొస్తుంది.

రోజూ ప్రార్థన అవగానే హాజరు వేసి, కబుర్ల పీరియడ్ పెట్టుకునేదాన్ని. టైంటేబుల్లో అలాంటిది లేదు, తెలుగు పీరియడ్‌లోంచే పది నిమిషాలు తీసేదాన్ని. నిన్న సాయంత్రం బడి విడిచిపెట్టింది మొదలు ఇవాళ బడికి వచ్చేలోపు జరిగిందేదైనా చెప్పాలి. మొదట్లో అందరూ "అన్నం తిన్నాను, పడుకున్నాను" అనేవాళ్లు. నేను అడిగే ప్రశ్న ఒకటే, "తర్వాత?" వాళ్ల భాషలో "తరవాతేటయినాది?" ఆ ప్రశ్నకి పెద్ద శక్తి ఉంది. "అన్నం తిన్నాను." తర్వాత? "పడుకున్నాను." తర్వాత? "నిద్రలో మా తమ్ముడు తన్నీసినాడు." తర్వాత? అక్కడి నుంచి కథ తన కాళ్ల మీద తను నడిచేది. నేను ఊఁ కొట్టడం తప్ప చేసేదేమీ ఉండేది కాదు.

ఒకటో తరగతి, రెండో తరగతి పిల్లలైతే చెప్పినదాన్ని చెప్పినట్టే నల్లబల్ల మీద రాసేదాన్ని. "మా ఇంటికాడ పాము ఒచ్చినాది." ఆ పిల్లాడికి అ, ఆలు పూర్తిగా రావు గానీ ఆ వాక్యాన్ని మాత్రం తడుముకోకుండా చదివేవాడు. అది వాడిది కాబట్టి. పాము అన్న మాట ఎక్కడుందో వేలు పెట్టి చూపించేవాడు. పా ఎలా ఉంటుందో అడిగి మరీ నేర్చుకునేవాడు. పలక మీద పాము బొమ్మ వేసి కింద ఆ వాక్యాన్ని దించుకునేవాడు. సొంతరాత అనేది మూడో తరగతిలో మొదలవ్వాలని ఎవరు పెట్టారో గానీ, మొదటి రోజు నుంచే మొదలవ్వొచ్చు.

ఒక అధికారి తనిఖీకి వచ్చి తాడు మీది కాగితాలు చూసి మొహం చిట్లించారు. "ఒచ్చినాది, ఎలిపోనాడు... ఇదేం తెలుగమ్మా? మీరే ఇలా రాయిస్తే వీళ్లెప్పటికి బాగుపడతారు?" అన్నారు. ఆయన్ని కూర్చోబెట్టి నల్లబల్ల రెండో సగం చూపించాను. అక్కడ ఎప్పుడూ రెండు వరసలుండేవి. ఒక పక్క ఇంటి మాట, ఇంకో పక్క పుస్తకం మాట. ఒచ్చినాది, వచ్చింది. ఎలిపోనాడు, వెళ్లిపోయాడు. ఏటి, ఏమిటి. ఆ జాబితా పిల్లలే పెంచుకుంటూ పోయేవాళ్లు. కథలో మనుషులు మాట్లాడుకునేచోట ఇంటి మాట, కథ నడిపేచోట పుస్తకం మాట అని పెద్ద తరగతుల్లో ఒక పద్ధతి పెట్టుకున్నాం. చిన్న తరగతుల్లో ఆ నియమమూ లేదు. ముందు మాట బయటికి రావాలి.

ఇది నేను కనిపెట్టిందేమీ కాదు. వాడుకభాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారిది మా జిల్లానే. 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. ఆయన పుట్టినరోజునే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ అక్కడి గిరిజనులైన సవరల భాష నేర్చుకుని, ఆ పిల్లలకి వాళ్ల భాషలోనే చదువు చెప్పించడానికి బళ్లు పెట్టించిన మనిషి ఆయన. ఏటా ఆగస్టు 29కి బడిలో ఆయన ఫొటోకి దండేసి ఉపన్యాసాలిస్తాం. ఆ మర్నాడే పిల్లాడు "సెట్టు" అని రాస్తే ఎర్రసిరాతో కొట్టేస్తే ఆ దండకి అర్థమేముంది? తనిఖీకి వచ్చినాయనతో ఈ మాట కూడా చెప్పాను. ఆయన ఒప్పుకున్నారో లేదో గానీ కాగితాలు దింపమని మాత్రం అనలేదు.

కథల దగ్గరికొస్తే నా పెద్దబాలశిక్ష ఏడుచేపల కథే. అనగనగా ఒక రాజు, ఆ రాజుకి ఏడుగురు కొడుకులు, వేటకెళ్లారు, ఏడు చేపలు తెచ్చారు, ఒక చేప ఎండలేదు. చేపా చేపా ఎందుకెండలేదు? గడ్డిమోపు అడ్డమొచ్చింది. గడ్డిమోపూ గడ్డిమోపూ ఎందుకు అడ్డమొచ్చావు? ఆవు మెయ్యలేదు. అలా ప్రశ్న వెనక ప్రశ్న నడిచి ఆఖరికి చీమ దగ్గర ఆగుతుంది. తెలుగునాట ఈ కథ రాని పిల్లలుండరు. కథ ఎలా కట్టాలో నేర్పడానికి ఇంతకన్నా మంచి పాఠం నాకు దొరకలేదు. ఏ పనైనా ఊరికే జరగదు, దాని వెనక ఇంకో పని ఉంటుంది, దాని వెనక ఒక మనిషి ఉంటాడు. ఇది తెలిస్తే పిల్లలకి కథ పట్టుబడినట్టే.

తర్వాత మా జిల్లాలోనే కొబ్బరి, జీడి తోటల సీమ ఉద్దానం వైపు బదిలీ అయ్యాక అక్కడి పిల్లలు దీన్ని తమ కథ చేసుకున్నారు. "పిక్కా పిక్కా ఎందుకు ఎండలేదు?" జీడిపిక్క. "మబ్బు అడ్డొచ్చినాది." మబ్బూ మబ్బూ ఎందుకొచ్చావు? "సముద్రం పంపినాది." సముద్రమా ఎందుకు పంపావు? "వలేసినోళ్లు ఎవరూ రాలేదు, ఒక్కద్దాన్నీ ఉండలేక పంపినాను." వలేసేవాళ్లెందుకు రాలేదు? "వీరావల్ ఎలిపోయారు." ఎందుకెళ్లారు? ఆ ప్రశ్న దగ్గర తరగతి ఒక్క క్షణం ఆగింది. "ఇక్కడ చేపలు లేవు గదా" అన్నాడొకడు. "అప్పు తీర్చాల గదా" అంది ఇంకో పిల్ల. ఏది రాయాలో తేలక రెండూ రాశారు. వాళ్ల నాన్నలు, మేనమామలు సగంమంది అప్పటికి గుజరాత్ తీరంలో బోట్ల మీద ఉన్నారు. ఏటికేడు అలా వెళ్లి నెలల తరబడి అక్కడే ఉంటారు.

ఆ పిల్లల చేతే లేఖలు రాయించాను. పరీక్షలో ఇచ్చే లేఖ కాదు. "గౌరవనీయులైన నాన్నగారికి నమస్కరించి వ్రాయునది, ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాను" వరకూ రాసి, తర్వాత ఏం రాయాలో తోచక పెన్ను కొరుక్కునే లేఖ కాదు. నిజం కార్డు, నిజం అడ్రసు, పోస్టుడబ్బాలో పడే ఉత్తరం. ఒకమ్మాయి రాసింది నాకు ఇప్పటికీ నోటికొచ్చు. "నాన్నా, ఎర్రావుకి దూడ పుట్టినాది. కోడెదూడ. దానికి నీ పేరెడదామని చెల్లి అంది. అమ్మ తిట్టినాది. నువ్వొచ్చి పేరెట్టు. అప్పటిదాకా దాన్ని దూడ అనే పిలుస్తున్నాం." క్షేమసమాచారాలు లేకపోయినా ఇంట్లో ఎవరెలా ఉన్నారో అన్నీ ఉన్నాయి అందులో. ఆ అమ్మాయి ఉత్తరంలో ఒత్తులు లేని చోట్లు చాలానే ఉన్నాయి. దిద్దలేదు, అలాగే పంపించాను. నాన్నకి రాసే ఉత్తరంలో ఎర్రసిరా పెట్టే హక్కు నాకెక్కడిది?

దిద్దడం గురించి ఇక్కడే చెబుతాను. పిల్లల రాత నా దగ్గరికొస్తే మొదటిసారి చేతిలో ఏ కలమూ పట్టుకోకుండా చదివేదాన్ని. రాసిన విషయం గురించే మాట్లాడేదాన్ని. "కుక్క నీ వెంట పడిందన్నావు, నల్లదా ఎర్రదా? నువ్వెటు పరిగెత్తావు?" అంటే, "చెరువు గట్టు మీదకి" అని, "అది రాయలేదు కదండీ, రాసుకొస్తాను" అని వాడే పుస్తకం లాక్కునేవాడు. రెండోసారి వాడి చేతే పైకి చదివించేదాన్ని. పైకి చదివితే వదిలేసిన అక్షరాలు సగం వాడికే దొరికేవి. మిగిలినవాటిలో ఒక్క రకం తప్పు మాత్రమే పట్టుకునేదాన్ని. ఈ వారం ఒత్తులంటే ఒత్తులే. దీర్ఘాలు వచ్చే వారం. ల, ళ, శ, ష తేడాలకి ఇంకా తర్వాత. ఏడెనిమిదేళ్ల పిల్లాడి కాగితం నిండా సున్నాలు చుట్టి ఇచ్చేస్తే వాడు మళ్లీ రాసేది రెండే వాక్యాలు, అదీ తప్పులు రాని వాక్యాలు. "నా పేరు ఫలానా. నేను నాలుగవ తరగతి చదువుచున్నాను." తప్పుల్లేవు, పిల్లాడూ లేడు. ఆ బడిలోనూ ఈ బడిలోనూ అలాంటి కాగితాలు బోలెడు చూశాను.

రాజుల కథల బెడద ఒకటుండేది. కథ రాయమంటే చాలు, అనగనగా ఒక రాజు, ఒక రాక్షసుడు, యుద్ధం, సుఖంగా ఉన్నారు. నేను రాజుని వద్దనలేదు. "మీ రాజు పొద్దున్నే లేచి ఏం తిన్నాడు?" అని అడిగాను. తరగతంతా ఆలోచించింది. "చోడి అంబలి" అన్నాడు వెనక బెంచీ పిల్లాడు. "నంజుకోడానికి?" "ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ." అంతే, ఆ రాజు మా ఊరివాడైపోయాడు. అంబలి తాగి బయల్దేరిన రాజు దారిలో చెప్పు తెగి ఆగాడు, జీడితోటలో దాహమేసి జీడిపండు పిండుకుని తాగాడు, ఆ మరక చొక్కాకి అంటుకుని రాణి చేత తిట్లు తిన్నాడు. రాక్షసుడు రానే లేదు. వాడి అవసరం ఎవరికీ గుర్తు రాలేదు.

ఆ వెనక బెంచీ పిల్లాడి గురించి కూడా చెప్పాలి. నాలుగో తరగతికొచ్చినా వాడికి గుణింతాలు రావు. చెప్పడం మొదలెడితే మాత్రం మధ్యాహ్నం భోజనం బెల్లు కొట్టినా ఎవరూ లేచేవాళ్లు కాదు. వాడు చెబుతుంటే పక్కనున్న అమ్మాయి రాసేలా జట్టు కట్టాను. ఇద్దరి పేర్లతో కాగితం తాడెక్కింది. వారం తిరక్కుండా వాడు నా దగ్గరికొచ్చాడు. "టీచర్‌గారండీ, నేను పులి అని చెప్తే అది పిల్లి అని రాసిందంట. అందరూ నవ్వుతున్నారు." నేనే చదివి చూశాను. పులి అనే ఉంది. ఎవరో వాణ్ని ఆటపట్టించారు. "ఇది పులే నాన్నా" అంటే వాడు నమ్మలేదు. పు అంటే ఏది, పి అంటే ఏది, చూపించమన్నాడు. చూపించాను. ఇంకోటి చూపించమన్నాడు. తన కథని ఇంకొకరు మార్చేస్తారేమోనన్న అనుమానంతో ఆ పిల్లాడు గుణింతాలు నేర్చుకున్నాడు. నెలల తరబడి చార్టులు వేలాడదీసినా రాని గుణింతాలవి.

ఉద్దానంలో ఉన్నప్పుడే "మా అమ్మ" అని వ్యాసం వచ్చింది. గైడులో రెడీగా ఉంటుంది. అమ్మ నాకు అన్నం పెడుతుంది, అమ్మ దేవత, అమ్మను పూజించాలి. "ఇవాళ ఇంటికెళ్లి అమ్మ చేతులు చూసి రండి" అని పంపించాను. పలాస, కాశీబుగ్గ చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు చాలామంది జీడిపిక్కల పనికెళ్తారు. పిక్క డొక్కలో ఉండే నూనె తగిలితే చర్మం కాలినట్టవుతుంది, వేళ్లు నల్లబడిపోతాయి. మర్నాడు మూడో తరగతి అమ్మాయి ఇలా రాసుకొచ్చింది.

"మా అమ్మ పిక్కలు కొడతాది. పనికి ముందు చేతికి నూనె రాసుకుంటాది. అయినా యేళ్లు నల్లగా ఉంటాయి. అమ్మ చెంచాతో అన్నం తింటాది. నాకు పెద్దమ్మ జడేస్తాది. ఆదివారం అమ్మ ఏస్తాది."

నేను ఏమీ మాట్లాడకుండా రెండుసార్లు చదివాను. దేవత అన్న మాట లేదు, ప్రేమ అన్న మాటా లేదు. "ఆదివారం అమ్మ ఏస్తాది" అన్నదొక్కటే ఉంది. పెద్దలు రాసే కథల్లో ఇలాంటి ముగింపు కోసం ఎంత కష్టపడతారో నాకు తెలుసు. ఆ అమ్మాయి కష్టపడలేదు, చూసింది, చెప్పింది. బడి కమిటీ సమావేశానికి తల్లులొచ్చినప్పుడు అమ్మాయి చేత చదివించాను. వాళ్లమ్మ ఏమనుకుంటుందోనని లోపల బెరుగ్గానే ఉంది. ఆవిడ అంతా విని, "ఉత్త నూనె అంటే ఎవులికి తెలుస్తాదే, ఆముదం అని రాయి" అంది. అమ్మాయి అక్కడే నిలబడి నూనె కొట్టేసి ఆముదం అని రాసింది. ఏళ్లపాటు పిల్లల రాతలు దిద్దిన నాకంటే ఆవిడ బాగా దిద్దింది. ఒక్క మాట మార్చింది, మార్చాల్సిన మాటే మార్చింది.

ఏడాది చివర్లో మంచి రాతలన్నీ పోగేసి లిఖిత పత్రిక కట్టేవాళ్లం. పాత క్యాలెండరు కాగితం తిరగేసి అట్ట, దబ్బనంతో పొడిచి పురికొసతో కుట్టు. ముఖచిత్రం ఎవరిదన్న దాని మీద పెద్ద తగువు. పక్కూరి బడివాళ్ల పత్రికతో మార్చుకునేవాళ్లం. అవతలి బడి పిల్లలు రాసిన కథ చదివి మా పిల్లలు ప్రశ్నలు రాసి పంపేవాళ్లు. "మీ కథలో మేక బావిలో పడింది కదా, బావికి గట్టు లేదా?" చుట్టుపక్కల బళ్ల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశానికి వెళ్లే టీచరు సంచీలో ఆ ఉత్తరాలు ప్రయాణం చేసేవి. చందమామ, బాలమిత్ర పాత సంచికలు ఎవరింట్లో ఉన్నా అడిగి తెచ్చేదాన్ని. చదవని పిల్లల చేత రాయించడం ఎండిన బావిలో చేద వెయ్యడమే. బడికి గ్రంథాలయం అంటూ ఉండేది గానీ ఆ బీరువా తాళం ఎప్పుడూ దొరికేది కాదు, కొన్ని బళ్లలో దొరికినా తియ్యనిచ్చేవాళ్లు కాదు. పుస్తకం చిరిగితే చిరుగుతుంది, చిరిగిందంటే చదివారని. ఈ విషయంలో నేను చాలామందితో గొడవపడ్డాను, ఇప్పుడైనా పడతాను.

2012 నుంచి కొత్త పుస్తకాలొచ్చాయి. వాటిలో ప్రతి పాఠం చివర స్వీయరచన, సృజనాత్మకత అని శీర్షికలు పెట్టారు. చూసి ఎంత సంతోషించానో. పిల్లలు సొంతంగా రాయడం మార్కుల్లోకి వచ్చింది. అయితే ఏడాది తిరక్కుండానే స్వీయరచన జవాబులు కూడా గైడుల్లోకి వచ్చేశాయి. స్వీయరచన అని పైన రాసి, కింద పాతికమంది ఒకే జవాబు. కొత్తగా చేరిన టీచర్లు కొందరు నన్నడిగేవాళ్లు, మార్కులెలా వెయ్యాలి మేడమ్ అని. ఇద్దరు పిల్లల కాగితాల్లో వరసగా రెండు వాక్యాలు ఒకేలా ఉంటే ఆ ప్రశ్న మార్చండి అనేదాన్ని. "చెట్ల వల్ల ఉపయోగాలు రాయండి" అంటే ఒకేలా రాస్తారు. "మీ ఇంటికి దగ్గర్లో ఉన్న చెట్టు కింద నిన్న ఎవరు కూర్చున్నారు?" అంటే ఏ గైడూ సాయం చెయ్యలేదు.

చెట్లంటే 2018 గుర్తొస్తుంది. అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా పలాస దగ్గరే తీరం దాటింది. గంటకి 140 కిలోమీటర్లకి పైగా గాలి. తెల్లారి చూస్తే ఉద్దానం ఉద్దానంలా లేదు. కొబ్బరిచెట్లు మొదలంటా పడిపోయాయి, జీడిమామిడి తోటలు వేళ్లతో లేచిపోయాయి. రోజుల తరబడి కరెంటు లేదు. బడి మళ్లీ తెరిచాక పాఠం చెప్పడానికి నాకూ మనసు రాలేదు, వినడానికి వాళ్లకీ లేదు. రాయమని అడగలేదు. బొమ్మలు వేసుకుంటామంటే కాగితాలిచ్చాను. అందరూ పడిపోయిన చెట్లే వేశారు. ఎవరూ తుపాను గాలిని వెయ్యలేదు.

ఐదో తరగతి పిల్లాడొకడు బొమ్మ పక్కన పేర్లు రాయడం మొదలెట్టాడు. తాతసెట్టు. ఉయ్యాల సెట్టు. అక్క పెళ్లికి ఏసిన సెట్టు. పిడుగు పడినా బతికిన సెట్టు. బడి ఫీజు సెట్టు. ఇదేమిట్రా అంటే, "ఈ సెట్టు కాయలమ్మి అన్నకి కాలేజీ ఫీజు కట్టేవాళ్లండి" అన్నాడు. పక్కవాళ్లు చూసి వాళ్లూ రాశారు. ఆరోజు సాయంత్రానికి తాడు మీద పడిపోయిన చెట్ల జాబితాలు వేలాడాయి. ఒక్క క్రియ లేదు, ఒక్క పూర్తి వాక్యం లేదు. నష్టపరిహారం లెక్కలు రాసుకోవడానికి ఊళ్లోకి వచ్చిన ఉద్యోగి ఒకాయన బడి వరండాలో కూర్చోడానికి వచ్చి, ఆ కాగితాలన్నీ నిలబడి చదివాడు. తన దగ్గరున్న ఫారంలో చెట్టు వయసు రాయడానికే గడి ఉందన్నాడు. మరి కొన్ని రోజులకి పిల్లలే ఒక్కో చెట్టునీ పట్టుకుని దాని కథ రాశారు. అప్పుడు వాక్యాలొచ్చాయి. తొందరపెట్టి ఉంటే వచ్చేవి కావు.

ఇప్పుడు రిటైరయ్యాను. ఆదివారాలు మా వీధి పిల్లలు వరండాలో చేరతారు. కొందరు ఇంగ్లీషు మీడియం, తెలుగు రాయడమంటే జంకు. ఫోనులో మైకు బొమ్మ నొక్కి తెలుగులో చెప్పమంటాను. చెప్పింది అక్షరాలై కనపడేసరికి వాళ్లకి ధైర్యమొస్తుంది. తర్వాత దాన్ని కాగితం మీదకి దించుకుని, ఫోను తప్పు రాసినచోట దిద్దుతారు. ఫోనుకి ఉద్దానం మాట అర్థం కాదు. మా వైపు ఆడపిల్లని "గుంట" అంటారు, అది "గంట" అని రాస్తుంది. "మా బామ్మ నన్ను గంట అంటదా?" అని ఓ పిల్ల దాంతో పోట్లాడి, పెన్సిలు తీసుకుని తనే రాస్తోంది.

ప్రస్తుతం అందరూ కలిసి ఒక తాబేలు కథ రాస్తున్నారు. ఈ వేసవిలో బారువ సముద్రానికి వెళ్లి, సముద్ర తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసక చూసొచ్చారు. కథలో పిల్ల తాబేలు సముద్రంలోకి వెళ్లిపోయింది. అది పెద్దదై గుడ్లు పెట్టడానికి మళ్లీ పుట్టిన ఒడ్డుకే రావాలని ఒకమ్మాయి అంటుంది. నిజంగా అలాగే వస్తాయని ఎక్కడో చదివిందట, నిజమే కూడా. వాళ్ల నాన్న బోటు మీద ఉన్న పిల్లాడు మాత్రం తాబేలు ముందు వీరావల్ వెళ్లాలంటాడు. అట్లాసు తెచ్చి చూశారు. శ్రీలంక చుట్టూ తిరిగి వెళ్లాలి. దారిలో అది ఏం తింటుంది, ఎక్కడ ఆగుతుంది, వలలో పడకుండా ఎలా తప్పించుకుంటుంది అని అడిగాను. పోయిన ఆదివారమంతా దాని మీదే వాదించుకుని కన్యాకుమారి దాకా తీసుకొచ్చి ఆపారు. మిగతా దారి వచ్చే ఆదివారం రాస్తారు.